మేం ఆపబోయిన భూమిపూజ

దేవుని ముందట కుర్చీల కూసుండి భజన చేస్తున్నదేంది ఈమె అనుకోకుండ్రి. అది మర్యాద గాదని నాకూ తెలుసు. ఇన్నేండ్ల సంది కింద షత్రంజి మీద సక్లముక్లం పెట్టుకుని కూసున్న మనిషినే. ఈ మోకాలి పట్టీ చూసిన్రు గదా, కాలు వంచొద్దన్నడు డాక్టరు. ఆనాడు అక్కడ లేనోళ్లు ఎట్ల తాకింది భారతక్కా అని అడిగితే బాత్రూంల జారిన అని చెప్తున్న. దేవుని పటం ముందట కూసుండి ఇంకా అబద్ధమెందుకు? బాత్రూంల గాదు, స్కూలు కాడ. ఆ స్కూలు ఇట్ల కట్టొద్దని లొల్లి చేసింది మేమే. దానికి కొబ్బరికాయ కొట్టింది కూడ మేమే. మేమే అంటే... నేనే.

నవ్వుండ్రి, నవ్వుండ్రి. చాయ చేతుల వట్టుకుని నవ్వకుండ్రి గని, చీరెల మీద పడ్తది.

మా కాలనీ తెల్వనోళ్లకు ముందుగాల్ల ఆ సంగతి చెప్త. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిక్కు పోయే రోడ్డుకు లోపటున్నది. ఇక్కడ గోడ మీది గడియారం కంటె ఫ్యాక్టరీ సైరన్ నయం. ఒక సైరన్‌కు బియ్యం కడుగుతం, ఇంకో సైరన్‌కు డబ్బా కడతం. సగం మంది ఈ ఊరోళ్లే, తమ భూముల్ల లేచిన ఫ్యాక్టరీలకే డ్యూటీకి పోయేటోళ్లు. సగం మంది ప్లాంటు నౌకర్ల కోసం గోదావరి దిక్కు నుంచి వచ్చినోళ్లు. పప్పుల బెల్లం వేసుడు మీద కొట్లాడుకుంటం గని, శనివారం భజన కాడ అందరం ఒక్కటే. ఆ భజన మా ఇంట్లనే. హార్మోనియం నాదే, గొంతు నాదే. గొప్పలు గాదు గని, నేను పల్లవి ఎత్తుకుంటే బజార్ల పోయేటోళ్లు సైకిల్ దిగి వింటరు. అట్ల దిగినోళ్లను చూస్తే నాకు ఇంకో చరణం పాడబుద్ధయితది. అది నా రోగం. ఈ రోగాన్ని జెర యాదుంచుకోండ్రి, ముందట అక్కరకొస్తది.

ఇగ కాలనీ అంత ఏటవాలు. మా ఇల్లు ఆఖరిది, అందరికంటె దిగువకున్నది. దాని పక్కన ఒక గుంత జాగ. వానొస్తే కాలనీ నీళ్లన్ని మా గోడ పక్క పొంటి ఆ జాగలకు దిగి, అవతల వాగుల కలిసేటివి. ఎవరికీ పరేషాన్ లేదు. ఆ జాగను ఒకాయన కొన్నడు. ఇంగ్లీష్ మీడియం స్కూలట. మూడంతస్తులట, బస్సులట, టైలట, బూట్లట. కట్టుకోనీ, పిల్లల చదువు వద్దంటమా? గని జాగంత మొరం పోసి రోడ్డు మట్టానికి లేపుతడట. చుట్టు ప్రహరీ లేపుతడట. మరి నీళ్లు ఎటు పోవాలె సారూ, పక్కపొంటి ఒక మోరీ కట్టుండ్రి అని అడిగితే "ప్లాన్‌ల లేదమ్మా" అన్నడు. పంచాయతీల అడిగితే "చూద్దాం" అన్నరు. నీళ్లకు ప్లాన్ తెల్వదు గదా, అవి పల్లానికి పోతయి. పల్లం అంటే మా ఇల్లు. ఇంకా సక్కగ చెప్పాల్నంటె మా ఇంట్ల దేవుని అర్ర.

అందుకని ఓ నాడు పగటీలి మా అరుగు మీద మీటింగు. ఎదురింటి చంద్రకళ ఈ ఊరి బిడ్డనే, నోరు గట్టిది. "అక్కా, మొరం ట్రాక్టర్ల ముందట అడ్డం పండుకుందాం. మీదికెల్లి పోతె పోనీ, సూద్దాం" అన్నది.

"పోతే పోనీ అంటే ఎలాగమ్మా, పోయేది మనమేగా!" అన్నరు కామేశ్వరిగారు. ఆమెది గోదావరి దిక్కు. మంచి మనిషి. ఏ పని చెప్పినా అందుల ఉన్న ఆపద ఏందో కాఫీ సల్లారేలోపల కనిపెడతరు.

నేను అప్పుడు నా తలకాయల పుట్టిన ముచ్చట బయటవెట్టిన. మా ఇంట్ల వ్రతాలు చేయించే అయ్యగారే ఆ భూమిపూజ కూడ చేయిస్తున్నడు. ఆయనే నాతోని అన్నడు, "జ్యేష్ఠంల ఇదే ఆఖరి ముహూర్తం తల్లీ. తొమ్మిదిన్నర దాటితే దుర్ముహూర్తం. ఇది తప్పిందంటే ఆషాఢం, ఆ వెనక మూఢం. దసరా దాక గడ్డపార ముట్టేది లేదు" అని.

"మనం లొల్లి చెయ్యొద్దే, భజన చేద్దాం" అన్న. "పొద్దుగాల్లనే పోయి ఈశాన్యం మూలకు, వాళ్లు గుంత తవ్వే కాడనే షత్రంజి పర్సుకుని కూసుందాం. దేవుని పేరు తీస్తుంటే లేవుమనేటోడు ఎవడు? తొమ్మిదిన్నర దాటేదాక పాడుదాం. ముహూర్తం దానంతటదే పోతది. అప్పుడు సారే మన కాడికొచ్చి మోరీ కడతనంటడు."

"అక్కా, నీ తలకాయకు బంగారు తొడుగు చేయించాలె" అన్నది చంద్రకళ.

కామేశ్వరిగారు కాఫీ మొత్తం తాగిన్రు. అందుల ఆపద ఏందో కనిపెట్టలేకపోయిన్రు. నాకు అప్పుడే అనుమానం రావాల్సుండె.

భూమిపూజ నాడు మేం అయ్యగారి కంటె ముందే పోయినం. కాలనీ ఆడోళ్లంత వచ్చిన్రు. షత్రంజి పర్సినం, నర్సింహస్వామి పటం పెట్టి దండ వేసినం, నేను హార్మోనియం విప్పిన. చంద్రకళ చేతుల తాళాలు, కామేశ్వరిగారి చేతుల చిడతలు. మా ఆయన రాత్రి షిఫ్టు, ఇంకా దిగలే. దిగి వచ్చేసరికి మోరీ ఖాయం చేసి ఆయనకు చెప్పాల్నని నా ఆశ.

వ్యాన్ వచ్చి ఆగింది. సారు దిగిండు, తెల్ల సఫారీ. వెనక పట్టుచీరెల ఆయన భార్య, కొబ్బరికాయల సంచి, మేస్త్రి, కూలీలు. నేను కండ్లు మూసుకుని గణపతి మీద ఎత్తుకున్న. ఇప్పుడు ఒర్లుతడు, ఇప్పుడు పోలీసులంటడు అనుకుంట ఒక కన్ను తెరిచి చూసిన.

ఆయన చెప్పులు ఇడిసి, మా ముందట కింద కూసుండి, రెండు చేతులు జోడించి వింటున్నడు!

పాట అయిపోయింది. ఆయన తల ఊపుకుంట, "అమ్మా, ఇంత గొంతు పెట్టుకుని ఈ మూలకున్నరా మీరు? క్యాసెట్ చెయ్యాల్సిన గొంతు" అన్నడు. తర్వాత వెనకకు తిరిగి, "ఏయ్, నా ఉపన్యాసానికి తెచ్చిన మైకు ఉన్నది గదా, అమ్మ ముందట వెట్టు" అన్నడు.

మైకు!

శనివారం భజనకు నాకు ఎన్నడన్న మైకు ఉండెనా? చెప్పుండ్రి. పందిట్ల వినాయకుని కాడ ఒకసారి దొరికింది గని, నేను రెండో పాటల ఉండంగనే కరెంటు పోయింది. ఇప్పుడు నా గొంతు ఆ కొసన ఉన్న రోడ్డు దాక పోయి మళ్ల నాకే వినబడుతున్నది. షిఫ్టు దిగినోళ్లు సైకిళ్లు ఆపిన్రు. పూలమ్మే ఆమె గంప దించింది. బస్సు కోసం నిలబడ్డోళ్లు బస్సు ఇడిసిపెట్టి వచ్చిన్రు. సుట్టూ జనం. నేను నర్సింహస్వామి మీద పాడిన, ఎంకన్న మీద పాడిన. చంద్రకళ నా తొడ మీద గిచ్చింది. "బాగనే ఉన్నదక్కా, టైం పోతున్నది. ఇట్లనే సాగదియ్యి."

సాగదీసుడు నాకు చెప్పాల్నా?

సారు మళ్ల చేతులు జోడించి, "అమ్మా, భూదేవి మీద ఏమన్న ఉన్నదా?" అన్నడు. ఉండకేంది? పాడిన. "బడి జాగ గదమ్మా, సరస్వతమ్మ మీద కూడ ఒకటి" అన్నడు. అదీ పాడిన. అయ్యగారు ఓ పక్కకు కూసుండి పసుపు గణపతిని చేసుకుంటున్నడు, కలశానికి దారం సుడుతున్నడు. నేను చూసిన గని నాకేం అనిపియ్యలే. ఆయన పని ఆయన చేసుకుంటున్నడు, నా పని నేను చేస్తున్న.

ఇగ ఇక్కడ అసలు సంగతి. మా భజనకు ఒక వరుస ఉన్నది. గణపతితోని మొదలు, అమ్మవారి పాటతోని ఆఖరు. అమ్మవారి పాట అయ్యిందంటే దాని వెనుక మంగళహారతే. ఇన్నేండ్ల సంది ఏ శనివారం ఆ వరుస తప్పలే. సరస్వతి అమ్మవారే గదా! ఆ పాట ఇట్ల ముగిసిందో లేదో, నా వేళ్లు వాటంతటవే హార్మోనియం మీద జరిగినయి, నా నోరు దానంతటదే మంగళం ఎత్తుకున్నది. మైకుల!

మంగళహారతి పాడంగ ఎవరన్న కూసుంటరా? మావోళ్లందరు దబ్బున లేచి నిలబడ్డరు. చంద్రకళ లేచింది. కామేశ్వరిగారు మోకాళ్లు పట్టుకుని లేచిన్రు. నేనూ హార్మోనియం ఇడిసి మైకు కాడ నిలబడ్డ, షత్రంజి ఖాళీ. మేస్త్రి పటాన్ని, హార్మోనియంను జరిపి, దాన్ని భక్తితోని మడతవెట్టి, అవతల నీడకు పెట్టిండు. అయ్యగారు కర్పూరం ముట్టిచ్చిన పళ్లెం నా చేతుల పెట్టి, "ఈశాన్యానికి చూపించు తల్లీ" అన్నడు. చూపిచ్చిన. చంద్రకళ నా చెవుల, "అక్కా, తొమ్మిదింబావే అయింది" అన్నది. నేను పాట మధ్యల ఉన్న. పాట మధ్యల ఉన్నోళ్లకు టైం చెప్తే ఏం చేస్తరు? సారు ఇంకో దిక్కు నుంచి కొబ్బరికాయ అందిచ్చి, "ఇంత భక్తి ఉన్న చెయ్యి. మీరే కొట్టాలె" అన్నడు. ఆయన భార్య వంగి నా కాళ్లకు మొక్కింది.

మొక్కినంక ఇగ కొట్టకుంట ఎట్ల?

కొట్టిన. ఒక్క దెబ్బకు రెండు చిప్పలు, తెల్లగ, చూస్తే ముద్దొచ్చేటట్టు. జనం చప్పట్లు. మేస్త్రి గడ్డపార దింపిండు. అప్పుడు జనం వెనక నుంచి సైకిల్ గంట వినవడ్డది. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలిచ్చుకుని, కండ్లు ఎర్రగ మా ఆయన. ఒకసారి కొబ్బరి చిప్పలను చూసిండు, ఒకసారి గుంతను చూసిండు, ఒకసారి నన్ను చూసిండు.

"ఏందే, మన ఇంట్లకు నీళ్లు రావాల్నని మొక్కుకున్నవా?" అన్నడు.

మైకు ఇంకా ఆన్‌లనే ఉన్నది.

తర్వాత విస్తరాకు దొప్పలల్ల పులిహోర పంచిన్రు. ప్రసాదం వద్దంటే పాపం గదా, అందరం తిన్నం. "ఇంగువ బాగా పడిందండీ" అన్నరు కామేశ్వరిగారు, ఆపద సంగతి మరిచిపోయి. చంద్రకళ ఎటు పోయిందా అని చూస్తే, సారు కాడ నిలబడి చిన్నోనికి ఎల్‌కేజీల సీటు సంగతి మాట్లాడుతున్నది. నన్ను చూసి, "గోడ పడ్డనాడు పడ్తది గని, పోరడు చదవాలె గదక్కా" అన్నది. కొబ్బరికాయ కొట్టినామెకు నోరెక్కడిది?

ముహూర్తబలం అంటే బలమే. పని ఉరికింది. మొరం వచ్చింది, గోడ లేచింది, పిల్లర్లు లేచినయి. ఆషాఢంల వాన జల్లులే. శ్రావణంల ఓ పగలు దంచింది చూడుండ్రి, కాలనీ నీళ్లన్ని సక్కగ వచ్చి ప్రహరీకి తాకి, ఇగ తోవ లేక, మా గడప దాటినయి. ఖాళీ గ్యాస్ సిలిండరు లేచి వంటింట్ల తిరుగుతున్నది. దేవుని పటాలన్ని నేను అటక మీదికి ఎక్కిచ్చిన. నర్సింహస్వామి దండతో సహా అటకెక్కిండు. హార్మోనియం నెత్తి మీద పెట్టుకుని నిలబడ్డ. మా ఆయన మంచం మీద కాళ్లు ముడుసుకుని కూసుండి, "వరుణదేవుని మీద పాటలేం లేవా? వరుసల లేదా ఆయన పేరు?" అన్నడు.

సార్ కాడికి పోయిన. కుర్చీ ఏసిండు, చాయ తెప్పిచ్చిండు. "అమ్మా, మీ చెయ్యి మంచిది. ఒక్క రోజు పని ఆగలే. మోరీ సంగతి మాత్రం ప్లాన్‌ల..." అన్నడు.

నీళ్లు ఎత్తిపోసుకుంట నేను ఒక్కటే ఆలోచన చేసిన. నన్ను ముంచింది మంగళమే గదా. మంగళం పాడితేనే భజన అయిపోయినట్టు. పాడకపోతే? అయిపోలేదన్నట్టే గదా!

మొదటి స్లాబు నాడు, పోయిన వారం సంగతి ఇది, మళ్ల అందరం పోయినం. ప్రహరీ బయట, మా గోడ పక్కనే పెట్టిన కాంక్రీటు కలిపే మిషిని ముందట షత్రంజి పర్సినం. ఈసారి బందోబస్తు వేరే. చంద్రకళ నా కుడిపక్కన కూసున్నది. దానికి పని ఒక్కటే, నేను మంగళం దిక్కు పోయిన్నంటే నా నోరు మూసుడు. కామేశ్వరిగారు ఎడమ పక్కన, నా వేళ్లు అటు జరిగితే హార్మోనియం గాలితిత్తి పట్టి ఆపుడు. సారు వచ్చిండు, నవ్విండు, "మైకు పెట్టు" అన్నడు. చంద్రకళ లేచి ఆ మైకును గుంజుకుని ఒళ్లె పెట్టుకున్నది. "మైకు చూపియ్యకుండ్రి సారూ, మా అక్క ఆగది" అన్నది. అంత మందిల! అయినా నేను నోరు మూసుకోలే, పాడుతనే ఉన్న.

గణపతి అయిండు, నర్సింహస్వామి అయిండు, ఎంకన్న అయిండు. అమ్మవారి కాడికి వచ్చేసరికి చంద్రకళ నా నోటి కాడ చెయ్యి కాపలా పెట్టింది, మళ్ల గణపతి కాడికి పోయిన. కూలీలు పారలు పక్కకు పెట్టి కూసున్నరు. మిషిని ఖాళీగ నిలబడ్డది. సారు మేస్త్రితోని, "కానియ్యవయ్యా, మాలు కలుపు" అన్నడు. మేస్త్రి లేవలే.

"భజన నడుస్తున్నది సారూ. మంగళం కాకుండ పార ముట్టం. ఎత్తు మీద పని చేసేటోళ్లం, మా భయం మాకుంటది."

సారు గడియారం చూసుకున్నడు, మబ్బు దిక్కు చూసిండు. నా ముందట వంగి, "అమ్మా, జెర మంగళం పాడుండ్రి" అన్నడు. నేను పాట ఆపకుంటనే తల అడ్డం ఊపి, మా గోడ పొంటి వాగు దాక చెయ్యి చాపి గీత గీసి చూపిచ్చిన. ఆయన ఇంకో పాట విన్నడు. ఇంకోటి విన్నడు. గణపతి మూడోసారి రాంగనే చేతులు జోడించిండు గని, ఈసారి భక్తితోని గాదు.

"పిలువు జేసీబీని" అన్నడు.

మొరం సదును చేయనీకి తెచ్చిన జేసీబీ అక్కడనే ఉన్నది. పగటి షిఫ్టు సైరన్ మోగేలోపల మా గోడ పొంటి వాగు దాక కాలువ తీసింది, అంచులకు రాయి రేపే కట్టిస్తనని సారు అందరి ముందట ఒప్పుకున్నడు. చంద్రకళ నా నోటి కాడ కాపలా పెట్టిన చెయ్యి తీసి, "ఇగ పాడు అక్కా. మైకు గూడ తీసుకో" అన్నది.

పాడిన మంగళం! ఏ శనివారం పాడలే అంత గొప్పగ. కండ్ల నీళ్లొచ్చినయి. హారతి పళ్లెం స్వామికి చూపిచ్చి, కండ్లు మూసుకున్న. మనం దేవునికి వీపు చూపెట్టం గదా, పటానికి మొఖం పెట్టి వెనకకు అడుగులు వేసుకుంట పోతం. చిన్నప్పటి సంది మా అమ్మ నేర్పిందే. అట్లనే వెనకకు ఒక అడుగు వేసిన. ఇంకో అడుగు వేసిన. "వదినగారూ, ఆపద!" అని కామేశ్వరిగారు ఒర్లిన్రు. జన్మల మొదటిసారి ఆమె చెప్పిన ఆపద నిజమైంది. పళ్లెం మాత్రం ఆమె పట్టుకున్నరు, హారతి ఆరలే. నేను మోరీల ఉన్న.

స్కూలుకు కొబ్బరికాయ కొట్టిన, మోరీకి మోకాలు కొట్టిన. రెండు ప్రారంభోత్సవాలు నా చేతుల మీదనే.

అదే పొద్దుమూకి వాన దంచింది. నేను మంచం మీద కాలు చాపుకుని చూస్తున్న. కాలనీ నీళ్లన్ని వచ్చి, మా గడప ముట్టకుంట గోడ పొంటి తిరిగి, ఆ కాలువల దిగి సప్పుడు చేసుకుంట వాగు దిక్కు పోయినయి. మా ఆయన కిటికీ కాడ నిలబడి చానసేపు చూసిండు. చూసి, నా కాలి కింద ఇంకో దిండు పెట్టి అన్నడు గదా:

"బుద్ధిగల నీళ్లే. నువ్వు పడ్డ తోవనే పోతున్నయి."